మేజర్ గారి సభలో మైకు పట్టుకునే ముందు: కొన్ని అనుభవ పాఠాలు

మేజర్ గారు పోయి నెల దాటింది. వరంగల్ వైపు మనిషి. 1962 యుద్ధం తర్వాత ఎమర్జెన్సీ కమిషన్ మీద సైన్యంలో చేరారు. 1971లో తూర్పు రంగంలో యుద్ధం చేశారు. ఆ తర్వాత యూనిఫాం విప్పి ఇంటెలిజెన్స్‌లోకి వెళ్లి, అక్కడే రిటైరయ్యారు. ఏ సంస్థ, ఏ ఊళ్లు అన్నది నేను రాయను. నాకు తెలిసిందే తక్కువ, ఆ కాస్తా కూడా ఆయన చెప్పమన్నది కాదు.

నేను సిగ్నల్స్‌లో జేసీవోగా చేసి వచ్చినవాణ్ణి. మా మాజీ సైనికుల సంఘంలో ఎవరు పోయినా మైకు నా చేతికే ఇస్తారు. గొంతు పెద్దదని తప్ప వేరే కారణం లేదు. మేజర్ గారి సంస్మరణ సభ అయ్యాక కుర్రాళ్లు (కుర్రాళ్లంటే కార్గిల్ నాటివాళ్లు, తల నెరిసినవాళ్లే) నన్ను పట్టుకున్నారు. "సుబేదార్ సాబ్, ఫ్రంట్‌లో చేసినవాడి గురించి మాట్లాడగలం గానీ, ఇలాంటాయన గురించి ఏం మాట్లాడాలో తెలియట్లేదు. రాసిపెట్టండి" అన్నారు. ఆ రోజు సభలో విన్నవి చెవుల్లో ఉండగానే రాస్తున్నాను.

1. తెలియని చోట కథ అల్లకండి

ఆ రోజు మొదట లేచినాయన, మేజర్ గారు మారువేషంలో ఏళ్ల తరబడి లాహోర్‌లో ఉన్నారన్నాడు. రెండో ఆయన లాహోర్‌ను కరాచీ చేశాడు. మూడో ఆయన వంతు వచ్చేసరికి మేజర్ గారి చేతిలో పిస్తోలు కూడా మొలిచింది. ముందు వరసలో అమ్మగారు (మేజర్ గారి భార్య) కూర్చుని ఉన్నారు. ఎవరో పరాయి మనిషి గురించి వింటున్నట్టుంది ఆవిడ ముఖం.

ఆయన ఆ పనిలోకి ఎలా వెళ్లారో నాకు తెలుసు. ఆయనే చెప్పారు. నిజాం కాలంలో పుట్టిన మనిషి. ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగేదాకా ఆ రాజ్యంలో చదువు చాలావరకు అలాగే సాగింది. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మీడియంతోనే మొదలైంది. సరే, ఆ చదువు ఈయనకు ఎక్కడ అక్కరకొచ్చిందంటే, 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగుబాటు జరిగాక. దాదాపు 93 వేల మంది మన చేతికి చిక్కారు. వాళ్లను మన దేశంలోని శిబిరాలకు తరలించారు. ఆఖరి జట్టు వెనక్కి వెళ్లేసరికి 1974 వచ్చింది. అంతమందితో మాట్లాడాలి, వాళ్ల ఉత్తరాలు చదవాలి. పుస్తకంలో ఉర్దూ చదవగలిగినవాళ్లు దొరుకుతారు. పంజాబు పల్లెటూరి సిపాయి పెన్సిలుతో గిలికిన ఉర్దూ చదవడం అందరివల్లా కాదు. అప్పటికి కెప్టెన్‌గా ఉన్న ఈయనకు అది చిన్నప్పటి విద్య. అలా ఒక బల్ల ముందు కూర్చోబెట్టారు. ఇక ఆ బల్ల ఆయన్ని వదల్లేదు.

తర్వాతి ఉద్యోగం కూడా ఎక్కువభాగం చదవడమేనట. పక్కదేశం పేపర్లు, రేడియో వార్తల కాగితాలు, టెండరు ప్రకటనలు, పెళ్లి కబుర్లు, చావు కబుర్లు. "ఫలానా కర్నలు కూతురి పెళ్లి ఏ ఊళ్లో అయిందో చూడవయ్యా, పటాలం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది" అనేవారు. ఇది చెబితే సభలో ఈలలు పడవు. కానీ వరంగల్ బళ్లో అలీఫ్, బే దిద్దిన పిల్లవాడు ఆ అక్షరాలతోనే దేశానికి పనికొచ్చాడన్నది పిస్తోలు కథకంటే నాకు గొప్పగా కనిపిస్తుంది. పైగా నిజం.

2. రెండు కథలుంటే రెండూ చెప్పండి

విశాఖ బీచ్‌కు వెళ్లినవాళ్లంతా 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ముందు ఫొటో దిగే ఉంటారు. దాని వెనక ఉన్న ఘాజీ కథ మా సంఘంలో ప్రతి డిసెంబరులోనూ ఎవరో ఒకరు చెబుతారు. సిగ్నల్స్‌వాణ్ణి గనక నాకు అందులో ఇష్టమైన భాగం వేరే ఉంది.

1971 నవంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కరాచీ నుంచి బయల్దేరి మన తూర్పు తీరానికి వచ్చింది. దాని వేట మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను చల్లగా అండమాన్ వైపు దాచేశారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ను తీసుకుని, నువ్వే విక్రాంత్‌వి అన్నారు. విశాఖ దగ్గర సముద్రంలో నిలబడి పెద్ద ఓడ పంపినంత వైర్‌లెస్ రొద పంపించమన్నారు. అంత పెద్ద ఓడకు సరిపడా సరుకులకు ఆర్డర్లు పెట్టించారు. అమ్మకు జబ్బుగా ఉందని తెలిసిన నావికుడు ఆమె క్షేమం అడుగుతున్నట్టు, కోడు లేని మామూలు తంతి ఒకటి కూడా పంపించారని కృష్ణన్ గారే తర్వాత రాసుకున్నారు. ఆ తంతి కొట్టిన ఆపరేటరు ఎవరో గానీ, ఆ రాత్రి వాడికి నవ్వాగి ఉండదు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పెద్ద పేలుడు. ఊళ్లో కిటికీ అద్దాలు పగిలాయి. ఘాజీ అందులో ఉన్న 90 మందికి పైగా నావికులతో అడుగుకు చేరింది.

దాన్ని ముంచింది ఎవరు? రేవు దాటి వెళుతూ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలని మన నౌకాదళం మాట. తాను పరిచిన మైను తనకే తగిలిందనో, లోపలే ఏదో పేలిందనో పాకిస్తాన్ మాట. మనవాళ్లలో కూడా ఈ విషయం మీద వాదన ఇవాళ్టికీ తెగలేదు. ఒకసారి సభలో నేను మన మాట ఒక్కటే చెప్పి కూర్చున్నాను. మేజర్ గారు పక్కకొచ్చి, "రెండోది కూడా చెప్పవయ్యా. ఎలా మునిగినా, దాన్ని అక్కడిదాకా రప్పించింది మనవాళ్ల బుర్ర. ఆ భాగంలో తగాదా లేదుగా" అన్నారు. అప్పటినుంచి రెండూ చెబుతున్నాను. వినేవాళ్లకు ఆ మోసపు తంతే ఎక్కువ నచ్చుతోంది.

మనిషి విషయంలోనూ అంతే. ఆయన కోపిష్టి అని ఒకరంటే, నెమ్మదస్తుడని ఇంకొకరంటే, రెండూ రానివ్వండి.

3. ముందు ఇంట్లోవాళ్లను అడగండి

ఇది ఎవరూ చేయరు. పోయినాయన పెద్ద ఆఫీసరైతే సభ పెద్దలు ఇంకో పెద్ద ఆఫీసరు కోసం వెతుకుతారు. వచ్చినాయన, మేమిద్దరం ఫలానా కోర్సులో కలిశాం అని మొదలుపెట్టి తన గురించి అరగంట మాట్లాడతాడు. (నేనూ ఇప్పుడు అదే చేస్తున్నానంటారేమో. మాట్లాడమన్నది మీరే.)

మేజర్ గారింట్లో బయటివాళ్లకు చెప్పేది ఒకటే మాట: క్యాబినెట్ సెక్రటేరియట్‌లో ఉద్యోగం. పిల్లల స్కూలు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర 'గవర్నమెంట్ సర్వీస్' అని రాసేవారు. అబ్బాయి ఇంజినీరింగు చదివే రోజుల్లో తోటివాళ్లు, మీ నాన్న గుమాస్తానా అనడిగితే అవునన్నాడట. గుమాస్తా ఉద్యోగం తప్పేం కాదు. కానీ తండ్రి గురించి నలుగురిలో ఒక మాట గొప్పగా చెప్పుకునే వీలు లేకుండా ఒక పిల్లాడు పెరిగాడు. సైన్యంలో ఉన్నవాడి పిల్లలకు కనీసం గోడమీద యూనిఫాం ఫొటో ఉంటుంది.

సభ ముందురోజు అమ్మగారి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "ఎక్కడికెళ్లేవారో మీకు చెప్పేవారా అమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వారు. "చెప్పడమెందుకు సుబేదారు గారూ! పెదవులు పగిలొస్తే చలి దేశం. కడుపు చెడిపోయొస్తే ఇంకో రకం దేశం. పెట్టెలో బట్టలు ఇస్త్రీగా ఉన్నవి ఉన్నట్టే తిరిగొస్తే ఢిల్లీలోనే ఎక్కడో గదిలో కూర్చోబెట్టి పని చేయించుకున్నారన్నమాట" అన్నారు. ఇన్నేళ్లూ ఆవిడ మీద ఎవరికీ అనుమానం రాలేదు గానీ, ఆ ఇంట్లో అసలు ఇంటెలిజెన్స్ ఆఫీసరు ఎవరో నాకు ఆ రోజు తెలిసింది.

మామగారి చావుకు ఆయన రాలేకపోయారు. కూతురు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉంటే అమ్మగారు ఒక్కరే ఉన్నారు. ఎక్కడికి ఫోన్ చేయాలో కూడా ఆవిడకు తెలియదు. ఒక నంబరు ఇచ్చేవారట. అది ఎత్తినవాళ్లు పేరు చెప్పరు, కబురు అందజేస్తామని మాత్రం అంటారు.

మైకు ఆవిడకివ్వండి అంటే మా కార్యదర్శి ఒప్పుకోలేదు, ఏడుస్తారేమోనన్నాడు. చివరికి ఇచ్చారు, ఆవిడ ఏడవలేదు. పెదవుల కథ చెప్పారు. సభలో అందరూ నవ్వారు. ఆ సాయంత్రం మొత్తమ్మీద మేజర్ గారు సభలోకి వచ్చింది ఆ నాలుగు నిమిషాలే.

4. పతకాలు లేవని తక్కువ చేయకండి, ఉన్నాయని లెక్కపెట్టకండి

సభల్లో పతకాల జాబితా చదవడం మనకో అలవాటు. రహస్య సేవలో ఆ లెక్క పనిచేయదు.

1962 నవంబరులో టిబెటన్ శరణార్థులతో ఒక దళం కట్టారు. స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్. డెహ్రాడూన్ పైన చక్రాతా వాళ్ల స్థావరం. 1971లో మేజర్ జనరల్ సుజన్ సింగ్ ఉబాన్ నాయకత్వంలో వాళ్లు చిట్టగాంగ్ కొండల్లోకి దిగి పోరాడారు. యాభై మంది దాకా చనిపోయారు. కానీ ఆ దళం ఉందని ఎవరూ ఒప్పుకోకూడదు గనక పతకాలు ఇవ్వలేకపోయారు. డబ్బు బహుమతులిచ్చి సరిపెట్టారు. సొంత దేశం కోసం కాదు, ఆశ్రయమిచ్చిన దేశం చెప్పిందని మూడో దేశపు అడవుల్లో చనిపోయారు.

2020లో లద్దాఖ్‌లో చైనాతో ఉద్రిక్తత నడుస్తున్నప్పుడు ఆ దళంలోని కంపెనీ లీడర్ నీమా తెంజిన్ మందుపాతర పేలి మరణించారు. సెప్టెంబరు 7న లేహ్‌లో అంత్యక్రియలు బాహాటంగా చేశారు. శవపేటిక మీద మన జెండాతో పాటు టిబెట్ జెండా కూడా కప్పారు. అది టీవీలో వస్తున్నప్పుడు నేను మేజర్ గారింట్లోనే ఉన్నాను. ఆయన టీవీ శబ్దం పెంచమన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. 71లో వాళ్లను దగ్గరనుంచి చూశారా అని అడగబోయి మానుకున్నాను.

5. జెండా విషయం

ఇది చిన్నదే గానీ ప్రతిసారీ గొడవవుతుంది. అభిమానం కొద్దీ ఎవరో ఒకరు జాతీయ జెండా తెచ్చి పార్థివ దేహం మీద కప్పబోతారు. ఫ్లాగ్ కోడ్ ప్రకారం ప్రభుత్వ లాంఛనాలతో గానీ, సైనిక, కేంద్ర పారామిలటరీ లాంఛనాలతో గానీ జరిగే అంత్యక్రియల్లోనే అది చెల్లుతుంది. అప్పుడు కూడా కాషాయం తలవైపు ఉండాలి. చితి మీద జెండాను కాల్చకూడదు, గోతిలోకి దించకూడదు. స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు ముందే కబురుపెట్టి కనుక్కోండి. లాంఛనాలు లేకపోతే పూలదండ చాలు.

6. వైఫల్యాలను దాచకండి

"ఆయన ఉన్నన్నాళ్లూ సరిహద్దు దాటి చీమ కూడా రాలేదు" అన్నాడు ఒకాయన. వినేవాళ్లలో కార్గిల్‌లో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాయన ఉన్నాడు.

1999లో చీమలు కాదు, పటాలాలే వచ్చి మన కొండల మీద కూర్చున్నాయి. మే నెలలో పశువుల కాపర్లు చెబితే గానీ మనకు సరిగ్గా తెలియలేదు. కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వేసిన కమిటీ దీనిమీదే నివేదిక ఇచ్చింది. 2000లో దాన్ని పార్లమెంటు ముందు పెట్టారు. కొన్ని భాగాలు తీసేసి పెట్టారనుకోండి. ఆ తర్వాతే డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ వచ్చింది, సాంకేతిక నిఘా సంస్థ ఎన్టీఆర్వో వచ్చింది. అప్పటికి మేజర్ గారు రిటైరయ్యారు. అయినా ఆ రోజుల్లో పేపరు చదువుతూ ఆయన పడ్డ బాధ నేను చూశాను. "ముక్కలు అందరి దగ్గరా ఉంటాయి సుబేదారూ. ఒకే బల్ల మీద పోసేవాడు ఉండడు" అనేవారు. తన వృత్తి తప్పును తన తప్పుగా మోసిన మనిషిని, ఏ తప్పూ జరగలేదని పొగిడితే ఆయన ఒప్పుకునేవారా?

7. కాగితాల పని

మొదటి వారంలోనే చూడాల్సినవి. పింఛను ఉత్తర్వు (పీపీవో)లో భార్య పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? లేకపోతే కుటుంబ పింఛను నెలల తరబడి ఆగుతుంది. సైన్యం పింఛనైతే రక్షణ పింఛన్ల పోర్టల్ స్పర్శ్‌లో మరణం నమోదు చేయించాలి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు సంగతి చూడాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే చెబుతారు. తెలియకపోతే మా సంఘానికి రండి.

డైరీలు, ఉత్తరాలు, ఫొటోలు దొరికితే వాట్సాప్‌లో పెట్టకండి. మనవలకు ఇది మరీ మరీ చెప్పండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా బతికే ఉంది. 2021 మే 31న పింఛను నియమాలు మార్చి, ఇంటెలిజెన్స్, భద్రతా సంస్థల్లో చేసి రిటైరైనవాళ్లు ఆ సంస్థ పనికి సంబంధించినవి ముందస్తు అనుమతి లేకుండా ప్రచురించకూడదన్నారు. ఆ సంస్థల జాబితా సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో ఉంటుంది. మనం అడిగి తెలుసుకుందామన్నా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతావి ఆ చట్టం పరిధిలోకి రావు. ఈ నియమం మరీ బిగువైందని నా అభిప్రాయం. యాభై ఏళ్ల నాటి కబురుకు ఇవాళ తాళమెందుకు? కానీ నా అభిప్రాయం కోసం ఆవిడ పింఛను ఇబ్బందుల్లో పడకూడదు. ఏది ఇంటి కాగితం, ఏది ఆఫీసు కాగితం అన్న అనుమానమొస్తే ఆయన పాత సహోద్యోగి ఎవరినైనా పిలిచి చూపించండి.

8. బతికుండగానే రాయించుకోండి

తవాంగ్‌లో పనిచేసి వచ్చిన మన కుర్రాళ్లలో ఎంతమందికి బాబ్ ఖథింగ్ పేరు తెలుసు? మణిపూర్‌లోని ఉఖ్రుల్ ప్రాంతపు తాంగ్‌ఖుల్ నాగా ఆయన. సైన్యంలో మొదట చేరింది మన హైదరాబాద్ పేరున్న రెజిమెంటులోనే. దాన్నే ఇప్పుడు కుమావూఁ రెజిమెంటు అంటున్నాం. రెండో ప్రపంచయుద్ధంలో జపానువాళ్లు బర్మా దాటి వస్తుంటే, బ్రిటిషువాళ్లు సరిహద్దు కొండల్లో 'వీ ఫోర్స్' అని ఒక సమాచార దళాన్ని నడిపారు. ఖథింగ్ అందులో చేరి, తన నాగా వేషంలోకి మారిపోయి, తన కొండల్లోనే శత్రువు కదలికలు కనిపెట్టి పంపారు. మిలటరీ క్రాస్ ఇచ్చారు. 1951లో రెండు వందల మంది దాకా అస్సాం రైఫిల్స్ జవాన్లతో మంచులో నడిచి వెళ్లి, తూటా పేల్చకుండా తవాంగ్‌లో మన పరిపాలన పెట్టింది ఆయనే. తర్వాత బర్మాలో మన రాయబారిగా చేశారు. 1990 జనవరిలో పోయారు. తవాంగ్‌లో ఆయన స్మారకం ఆవిష్కరించింది 2021 ఫిబ్రవరిలో. ముప్పై ఏళ్లు దాటాక!

ఆయన్ని ఎరిగిన ముసలివాళ్లు ఈలోగా ఎంతమంది పోయుంటారు? మా తాడేపల్లిగూడెం పక్కనే మాధవరం ఉంది. మిలటరీ మాధవరమనే పిలుస్తారు. ప్రపంచయుద్ధాల నాటినుంచీ ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లిన ఊరు. స్మారకం ఉంది, పేర్లున్నాయి. మా చిన్నప్పుడు ఆ యుద్ధాలు చేసొచ్చిన తాతలు అరుగులమీద కూర్చుని బస్రా కబుర్లు, బర్మా కబుర్లు చెబుతుంటే మేం గోళీలాడుకున్నాం. ఒక్కడూ నోటుపుస్తకం తీయలేదు.

రహస్యాలున్నవాడు ఏం రాయిస్తాడని అడగొచ్చు. దేశపు బయటి గూఢచార సంస్థను 1968లో మొదలుపెట్టిన రామేశ్వర్ నాథ్ కావ్ బయట ఎక్కడా నోరు విప్పని మనిషి, ఫొటోలు కూడా అరుదు. ఆయనే చివరి దశలో తన జ్ఞాపకాలు రికార్డు చేయించి, కొన్నేళ్లపాటు తెరవకూడదన్న షరతుతో అప్పగించి వెళ్లారు. ఆ దారి మంచిది. చదువు, పెళ్లి, మొదటి పోస్టింగు, యుద్ధం ఇప్పుడే చెప్పించండి. మిగతాది ఆయన ఇష్టం. మేజర్ గారు తన బడి గురించి నాకు చెప్పింది బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వరసలో నిలబడ్డప్పుడు. వరస ఇంకాస్త పొడుగుంటే ఇంకాస్త తెలిసేది.

9. నా సభ సంగతి

అడుగుతారు గనక ఇప్పుడే చెబుతున్నాను. నాకు రహస్యాలేమీ లేవు. లైను వేశాను, తెగితే అతికాను, ఎక్స్‌ఛేంజీలో రాత్రి డ్యూటీలు చేశాను, ఎడారిలో బ్యాటరీలు మోశాను. ఇదే చెప్పండి. ఘాజీ కథలోకి నన్ను దూర్చకండి, అప్పుడు నేను విశాఖలో లేను. మా ఆవిడ మాట్లాడతానంటే మైకు ఇవ్వండి, ఎంతసేపైనా సరే, ఆపకండి. మిగతావాళ్లు తలా అయిదు నిమిషాలు. మేజర్ గారి సభలో ఉపన్యాసాలు సాగి సాగి ఒంటిగంటకు పెట్టాల్సిన భోజనాలు మూడింటికి పెట్టారు. పులిహోర చల్లారిపోయింది, షుగరున్నవాళ్లు నలుగురు మధ్యలోనే లేచి వెళ్లారు. అలా మాత్రం చేయకండి.